ఒళ్ళు ఎవరి సొత్తు?

మన భాషలో "ఒళ్ళు" అనే మాట చుట్టూ అల్లుకున్న పలుకుబళ్ళను ఒకచోట చేర్చి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. బాగా పనిచేసేవాడు "ఒళ్ళు వంచి" పనిచేస్తాడు. పని తప్పించుకునేవాడు "ఒళ్ళు దాచుకుంటాడు". పని ముగిసేసరికి "ఒళ్ళు హూనమవుతుంది". ఎదురు మాట్లాడిన కూలివాడికీ, నలుగురిలో నవ్విన ఆడదానికీ "ఒళ్ళు బలిసింది", "ఒళ్ళు కొవ్వెక్కింది". జాగ్రత్త చెప్పాలంటే "ఒళ్ళు దగ్గర పెట్టుకో" అంటాం. పొట్ట గడవక పతనమైపోతే "ఒళ్ళు అమ్ముకుంది" అంటాం.

ఈ మాటలు ఎవరి నోట పుట్టాయి? "ఒళ్ళు దాచుకుంటున్నాడు" అన్నది పనిచేసేవాడి మాట కాదు. పని చేయించుకునేవాడి మాట. తన ఒంటిని తాను కాస్త మిగుల్చుకోవడం యజమాని లెక్కలో దొంగతనం. "ఒళ్ళు బలిసింది" అన్నది కూడా అంతే. పేదవాడి ఒంటిమీద నాలుగు కండలు కనిపిస్తే పొగరుగానూ, ధనికుడి ఒంటిమీద అవే కనిపిస్తే దర్జాగానూ లెక్కించిన సమాజం ఆ మాటను తయారుచేసింది. ఈ పలుకుబళ్ళన్నిటిలోనూ ఒళ్ళు మరొకరి అవసరానికి వుంది. మరొకరి చూపుకు వుంది. ఒంటిని ఒంటి యజమానికే వదిలిపెట్టిన పలుకుబళ్ళు చాలా తక్కువ. "ఒళ్ళు విరుచుకోవడం" వాటిలో ఒకటి. నిద్ర లేచినవాడు ఎవరి కోసమూ కాకుండా, ఏ లాభమూ ఆశించకుండా, హాయి కోసమే చేసే పని అది.

ఈ వ్యాసానికి వస్తువు ఆ ఒళ్ళు విరుచుకునే ఒళ్ళే. తన ఒంటిని వున్నదున్నట్టుగా తనదిగా భావించుకోవడం, దాన్ని కదిలించడంలో సుఖాన్ని పొందడం అనే సాదాసీదా మానవ హక్కు మన సాహిత్యంలో ఏ మేరకు వ్యక్తమైంది? అభ్యుదయ సాహిత్యం దాన్ని పట్టించుకున్నదా? పట్టించుకోకపోతే ఎందుకు? ఇది తీరికవున్నవాళ్ళ ప్రశ్న అని కొందరు మిత్రులు అనవచ్చు. తీరిక ఎవరికి వుంది, ఎవరికి లేదు అన్నదే అసలు ప్రశ్న కనుక, ఆ ఆక్షేపణకు జవాబు కూడా ఈ చర్చలోనే వెతకాలి.

1

ప్రబంధ కవులు శరీరాన్ని వర్ణించలేదని ఎవరూ అనలేరు. ఆపాదమస్తకం వర్ణించారు. కానీ ఆ వర్ణన పద్ధతిని గమనించండి. కళ్ళు తామరలు, నడుము సింహానిది, జడ నల్లత్రాచు. ముక్కముక్కకూ ఒక ఉపమానం చొప్పున పంచిపెట్టగా చివరికి ఆ మనిషికంటూ మిగిలేది ఏమీ వుండదు. నాయిక శరీరం చూడబడే వస్తువు. అది చూడదు, పట్టుకోదు, ఎత్తదు, దాటదు.

ముఖ్యంగా నడకకు సంబంధించిన మాటలు చూడాలి. హంసయాన, గజగమన, మందయాన. మూడింటి సారమూ ఒక్కటే: నెమ్మదితనం. ఆడదాని నడకకు అందం వేగం లేకపోవడంలో వుందని వందల యేళ్ళ కావ్య సంప్రదాయం నిర్ణయించింది. ఈ నిర్ణయం కావ్యాల్లోనే ఆగిపోలేదు. అడుగు చప్పుడు కాకుండా నడవమనీ, పరుగెత్తవద్దనీ, గట్టిగా నవ్వవద్దనీ పెరిగే ఆడపిల్లకు ఇంట్లో చెప్పే నీతి ఆ సౌందర్యశాస్త్రానికి గృహ రూపమే. నెమ్మదిగా నడవడం ఎవరికి సాధ్యం? నీళ్ళబిందె మోసే మనిషికీ, పొద్దెక్కకముందే పొలం చేరవలసిన మనిషికీ సాధ్యం కాదు. కాబట్టి కావ్య సౌందర్యం పుట్టుకతోనే శ్రామిక స్త్రీని అందం పరిధి నుంచి వెలివేసింది. పై కులాల స్త్రీకేమో అందాన్నిచ్చి కదలికను లాగేసుకుంది.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. పోతన భాగవతం దశమ స్కంధంలో నరకాసుర వధ ఘట్టం మనకు తెలిసిందే. సత్యభామ విల్లు పట్టి నిలబడుతుంది. అవే కళ్ళు, అవే చేతులు, అదే ముఖం. ప్రియుడివైపు తిరిగితే శృంగారం, శత్రువువైపు తిరిగితే వీరం. ఒకే శరీరం రెండు పనులు చేయగలదని పోతన చూపించాడు. అందమైన దేహం శ్రమించగలదు, శ్రమించే దేహం అందంగా వుండగలదు. భక్తి కావ్యంలో దొరికిన ఈ అవగాహన తరవాతి శృంగార ప్రబంధాల్లో బలపడలేదు సరికదా, వెనక్కి పోయింది. రాజాస్థానాల విలాస జీవితంతో దీనికున్న సంబంధాన్ని విడిగా పరిశీలించవలసి వుంది.

2

ఆధునిక సాహిత్యంలో శరీరం గురించి మొదటి గట్టి మాట గురజాడది. 1910లో రాసిన దేశభక్తి గేయంలో ఆయన దేశాన్ని నేలగా కాక మనుషులుగా చూడమన్నాడు. ఆ మనుషులకు తిండి కావాలన్నాడు, తిండి వుంటేనే కండ అన్నాడు, కండ వుంటేనే మనిషి అన్నాడు. ఈ వరస ముఖ్యమైనది. వ్యాయామం చేసి బలవంతులు కండని ఉపదేశించి ఊరుకోలేదాయన. పంటనూ పాడినీ ముందు పెట్టాడు. ఖాళీ కడుపుతో దండీలు తీయమని చెప్పే నీతిబోధకులకు ఆ వరసలోనే సమాధానం వుంది. భావవాదపు దేశభక్తికీ భౌతికవాదపు దేశభక్తికీ తేడా అదే.

అదే కాలంలో అదే ఉత్తరాంధ్ర నుంచి కోడి రామ్మూర్తి నాయుడు (1882–1942) వచ్చాడు. ఏనుగును రొమ్ముమీద ఎక్కించుకున్నవాడిగా, కార్లను లాగి నిలిపినవాడిగా దేశదేశాల్లో పేరు పొందాడు. మీరు బలహీనులు కనుక పాలితులు అని చెప్పే వలస ప్రభువులకు ఆయన కండ ఒక జవాబు. ఊరూరా వెలసిన తాలింఖానాల్లో, సాము గరిడీల్లో కుర్రకారుకు అది ఉత్సాహం పోసింది. ఆ ఉత్సాహానికి చారిత్రక న్యాయం వుంది. అయితే ఆ వ్యాయామ సంస్కృతికి రెండు హద్దులు వున్నాయి. అందులో స్త్రీ లేదు. అందులో మామూలు మనిషీ లేడు. అది అసాధారణ బలానికి కట్టిన హారతి. పదిమంది చూసి ఆశ్చర్యపోవడానికి సాధించే దేహమే తప్ప, రోజూ కాసేపు హాయిగా కదిలే దేహం కాదు. దేశం కోసం కండ పెంచడం ఒక దశలో అవసరమే కావచ్చు. కానీ ఒళ్ళు దేశానిదైనా యజమానిదైనా, సొంతదారుడిది కాలేదు.

ఈ హద్దులు రెండింటినీ బద్దలు కొట్టిన మాట చలానిది. స్త్రీకి కావలసినవి లెక్కపెడుతూ ఆయన మెదడుకు జ్ఞానాన్నీ, హృదయానికి అనుభవాన్నీ అడిగాడు. వాటికంటే ముందు శరీరాన్ని పేర్కొని దానికి వ్యాయామం అడిగాడు. సంస్కర్తలు స్త్రీకి చదువు అడిగారు, వితంతువుకు పెళ్ళి అడిగారు. వ్యాయామం అడిగినవాడు చలమే. చదువు కుటుంబానికి ఉపయోగపడుతుంది, మంచి తల్లిని తయారుచేస్తుంది అని సమర్థించవచ్చు. వ్యాయామం ఆమె ఒంటికి తప్ప మరెవరికీ ఉపయోగపడదు. ఆమె ఒళ్ళు ఆమె కోసమే వుందని ఒప్పుకున్నవాడు మాత్రమే ఆ కోరిక కోరగలడు.

"మైదానం" నవల గురించి జరిగిన చర్చంతా రాజేశ్వరి లేచిపోవడం చుట్టూ, ఆమె ప్రేమల చుట్టూ తిరిగింది. నవల పేరును ఎవరూ అంతగా పట్టించుకోలేదు. నాలుగు గోడల మధ్య నుంచి బయటపడిన స్త్రీకి ఆరుబయలు, ఎండ, ఏటినీళ్ళు ఏం చేశాయో ఆ నవలలో వుంది. నీళ్ళలో దిగిన శరీరం, ఎండలో పడుకున్న శరీరం తనను తాను మొదటిసారి తెలుసుకోవడం వుంది. అయితే చలం పరిమితి కూడా ఇక్కడే కనబడుతుంది. ఆ స్వేచ్ఛ పురుషుడి ప్రేమలోకి ప్రవహించి అక్కడే అంతమవుతుంది. వ్యాసకర్తగా వ్యాయామాన్ని విడి హక్కుగా అడిగిన చలం, నవలాకారుడిగా దేహానందాన్ని లైంగికానందం నుంచి విడదీసి చూపలేకపోయాడు. పైగా ఆ మైదానంలో బతుకు తెరువు ప్రశ్న బలంగా తలెత్తదు. కూలికి పోయే స్త్రీకి మైదానం అంటే ఏమిటన్నది చలం చూపు అందుకోని చోటు.

3

ఆ చోటును అందుకోవలసిన బాధ్యత అభ్యుదయ సాహిత్యానిది. అందుకున్నదా?

శ్రీశ్రీ "ప్రతిజ్ఞ" కర్షకుడి చెమటకు, కార్మికుడి చెమటకు కవిత్వంలో గౌరవస్థానం ఇచ్చింది. అంతకు ముందు చెమట అసహ్యం. ఆ తరవాత అది విలువ. ఇది సామాన్యమైన మార్పు కాదు. తామరలూ చందమామలూ ఆక్రమించిన చోటులోకి నాగలి పట్టిన చేతులు వచ్చాయి. మన సౌందర్య దృష్టినే అది తలకిందులు చేసింది.

అయితే తరవాతి అనుకరణ కవిత్వంలో ఒక పొరపాటు జరిగింది. శ్రామికుడి దేహం నెమ్మదిగా ఒక చిహ్నంగా గడ్డకట్టింది. బిగిసిన పిడికిలి, ఉక్కు కండరం, రాలే చెమటబొట్టు. గోడపత్రికల్లో, ముఖచిత్రాల్లో, గేయాల్లో ఇవే. ఈ శ్రామికుడికి నడుంనొప్పి లేదు. మోకాళ్ళు పట్టెయ్యవు. అతను ముసలివాడు కాడు, పొట్టివాడు కాడు, అవిటివాడు కాడు. ముఖ్యంగా స్త్రీ కాడు. ప్రబంధ నాయికను ముక్కలు చేసి ఉపమానాలకు పంచినట్టే శ్రామికుణ్ణి కూడా పిడికిలిగా, చెమటగా పంచేశాం. చెమటను కీర్తించాం. చెమట ఆరబెట్టుకునే గాలిని అడగడం మరిచాం.

ఈ మరుపు మార్క్సిజం నుంచి వచ్చింది కాదు. 1867లో వెలువడిన "కాపిటల్" మొదటి సంపుటంలో పనిదినం గురించిన అధ్యాయాన్ని చదివినవారికి ఇది తెలుసు. పెట్టుబడి కార్మికుడి నుంచి దోచుకునేది అదనపు విలువను మాత్రమే కాదని మార్క్స్ అక్కడ వివరించాడు. శరీరం ఎదగడానికి, ఆరోగ్యంగా నిలవడానికి కావలసిన కాలాన్ని దోచుకుంటుంది. గాలీ వెలుతురూ అనుభవించే కాలాన్ని దోచుకుంటుంది. నిద్రను కొలిచి కోత పెడుతుంది. 1886లో షికాగో కార్మికులు కోరిన ఎనిమిది గంటల పనిదినం వెనక వున్నది కూడా ఈ అవగాహనే. ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతి, మిగిలిన ఎనిమిది గంటలు మా ఇష్టం. ఆ మూడో ఎనిమిది గంటల గురించి మన సాహిత్యం ఏం రాసింది? మొదటి ఎనిమిది గంటల గురించి చాలా రాసింది, అవి పన్నెండు అయిన వైనం కూడా రాసింది. మూడో ఎనిమిది గంటలు దాదాపు ఖాళీ కాగితం.

"పగలంతా నాట్లు వేసే కూలిమనిషికి ఇంకా వ్యాయామం ఏమిటి? అది కడుపు నిండినవాళ్ళ బెడద" అన్న వాదన ఇక్కడ వస్తుంది. ఈ వాదనలో సగం నిజం వుంది. ఆమెకు ముందు కావలసింది కూలీ, తిండి, విశ్రాంతి. కానీ మిగతా సగం పొరపాటు. పనీ వ్యాయామమూ ఒకటి కాదు. నాటు వేసే మనిషి గంటల తరబడి నడుము ఒకే వైపు వంచుతుంది. బీడీలు చుట్టే మనిషి చేట ఒడిలో పెట్టుకుని మెడ వంచి కూర్చుంటుంది. కదిలేవి వేళ్ళు మాత్రమే. మరమగ్గం దగ్గర మనిషి రోజంతా నిలబడతాడు. కుట్టుమిషను మనిషి రోజంతా కూర్చుంటుంది. ఈ పనులు ఒంటిలో ఒక భాగాన్ని అరగదీసి మిగతా భాగాన్ని తుప్పు పట్టిస్తాయి. ఎంత కదలాలో, ఎటు కదలాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది ఆ మనిషి కాదు. వ్యాయామంలో, ఆటలో నిర్ణయం ఆ మనిషిది. పరాయీకరణ అనే మాటకు ఇంతకంటే తేలికైన ఉదాహరణ దొరకదు. పనిలో ఒళ్ళు సాధనం. ఆటలో ఒళ్ళే లక్ష్యం.

ఈ తేడా మన శ్రామిక స్త్రీలకు పుస్తకాలు చెప్పకముందే తెలుసు. బతుకమ్మ తొమ్మిది రోజులూ పొలంపని ముగించుకు వచ్చిన స్త్రీలు చప్పట్లు చరుస్తూ, వంగుతూ లేస్తూ, గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. పగలు వంగిన నడుమే సాయంత్రం కూడా వంగుతుంది. కానీ ఈ వంగడం వేరు. కోస్తాలో అట్లతద్దినాడు ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి ఆడుకుంటారు, ఉయ్యాల లూగుతారు. సంక్రాంతికి గొబ్బి తడతారు. ఒప్పులకుప్ప, చెమ్మచెక్క, తొక్కుడుబిళ్ళ, కోలాటం ఇవన్నీ దేహానందపు రూపాలే. అక్కడ లావూ సన్నమూ, నలుపూ తెలుపూ, ముసలీ పడుచూ అనే ఎంపిక లేదు. వలయంలో అందరికీ చోటు వుంటుంది. కులం ఆ వలయాలను కూడా చీల్చిందన్న నిజాన్ని మాత్రం దాచనక్కరలేదు.

ఈ ఆటల్లో ఒక విషాదం కూడా వుంది. వాటికి పంచాంగం అనుమతి కావాలి. తద్దినాడు ఉయ్యాల, మర్నాడు మళ్ళీ చాకిరీ. పెద్దమనిషి అయిన పిల్లకు తొక్కుడుబిళ్ళ బందు. ఫ్యూడల్ సమాజం స్త్రీ దేహానందాన్ని పూర్తిగా నిషేధించలేదు. సంవత్సరంలో కొన్ని రోజులకు కుదించి, దేవుడి పేరు పెట్టి అదుపులో వుంచింది. ఆ కొన్ని రోజుల్ని రోజువారీ హక్కుగా మార్చమని అడగడమే అభ్యుదయం. 1940ల దశకంలో ప్రజానాట్యమండలి కోలాటాన్నీ బుర్రకథనూ ప్రజల మధ్యకు తీసుకుపోయినప్పుడు వాటి పాటలోని సందేశాన్ని మనం చరిత్రలో నమోదు చేశాం. వాటి అడుగును, చిందును, కలిసి కదలడంలోని సంతోషాన్ని నమోదు చేయలేదు. జనం వచ్చింది రెండింటి కోసమూ.

4

చాసో "వాయులీనం" కథను ఈ సందర్భంలో మళ్ళీ చదవాలి. భార్య జబ్బు, ఇంటి లేమి, అమ్ముడుపోయిన వాయులీనం. ఒంటిని నిలబెట్టుకోవాలంటే ఆ ఒంటికీ మనసుకూ ఆనందమిచ్చేదాన్ని అమ్ముకోక తప్పని స్థితిని ఆ చిన్న కథ మన ముందు పెడుతుంది. ఆరోగ్యమూ ఆనందమూ రెండూ ఒకే మనిషికి ఎందుకు దొరకవు? ఈ ప్రశ్నను చాసో ఉపన్యాసంగా అడగలేదు. అందుకే అది ఇంకా సూటిగా తగులుతుంది. దేహానందం విలాసం అనేవారికి ఈ కథ సమాధానం. పేదరికం మొదట దోచుకునేది దాన్నే.

1980ల తరవాత వచ్చిన స్త్రీవాద సాహిత్యం ఒంటిని నేరుగా వస్తువుగా తీసుకుంది. ఒంటి మాట ఎత్తినందుకే అశ్లీలమన్న నింద మోసింది. జయప్రభ "చూపులు" ప్రబంధాల నాటి నుంచి సాగుతున్న చూపుల దాడిని తిప్పికొట్టింది. కొండేపూడి నిర్మల "లేబర్ రూమ్" ప్రసవాన్ని మాతృత్వపు పూలదండల నుంచి విడిపించి నొప్పిగా, శ్రమగా చూపింది. 1993లో వచ్చిన ఓల్గా "రాజకీయ కథలు" జడ, ముక్కు, కళ్ళు వంటి అంగాల మీద సమాజం చలాయించే అధికారాన్ని ఒక్కొక్కటిగా విప్పి చెప్పాయి. ప్రబంధ కవి అంగాంగ వర్ణనకు ఇవి నాలుగు వందల యేళ్ళ తరవాత అందిన ప్రత్యుత్తరం అంటే అతిశయోక్తి కాదు. అంతకుముందు 1991లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన "సవాలక్ష సందేహాలు" ఒంటి గురించి స్త్రీలు స్త్రీలకు సిగ్గుపడకుండా, భయపెట్టకుండా, వాడుక తెలుగులో చెప్పిన పుస్తకం. అది సాహిత్యం కాదని పక్కన పెట్టడం మన విమర్శ ఇరుకుతనం.

ఈ సాహిత్యం సాధించినది పెద్దది. దాని స్వభావం కూడా గుర్తించాలి. అందులో ఒళ్ళు ఎక్కువగా గాయపడే చోటు. చూపుకు గాయపడుతుంది, ప్రసవంలో చీలుతుంది, ఆసుపత్రి బల్లమీద వణుకుతుంది. అది అవసరమైన మొదటి మెట్టు. గాయం చెప్పకుండా ఆనందం చెప్పడం బూటకం. కానీ రెండో మెట్టు వుంది. ఈత కొట్టే స్త్రీ, సైకిలు తొక్కే స్త్రీ, చెట్టెక్కే స్త్రీ, యాభై యేళ్ళు దాటి పొద్దున్నే నలుగురితో కలిసి చేతులూపుతూ నడిచే స్త్రీ ఆ కవిత్వంలో అరుదు. గోగు శ్యామల కథల్లో మాదిగవాడ పిల్లలు పొలాల వెంట, నీళ్ళ వెంట తిరుగుతుంటే ఈ కొరత కొంత తీరుతుంది. అక్కడ ఒళ్ళు కులం అవమానించిన ఒళ్ళే. అయినా అది తన వాడను, తన వాగును ఎరిగిన ఒళ్ళు, చురుకైన ఒళ్ళు. అవమానమూ సంతోషమూ ఒకే ఒంటిలో వుంటాయన్న నిజాన్ని దళిత స్త్రీల కథ మనకు నేర్పుతోంది.

ఇక హాస్యం సంగతి. మన హాస్యానికి ఒంటి కొలత ఒక సులువైన పెట్టుబడి. రేలంగి బొద్దుతనమూ రమణారెడ్డి బక్కతనమూ పక్కపక్కన నిలబడితే చాలు, మాట లేకుండానే నవ్వు వచ్చేది. వాళ్ళ నటన అంతకు మించినది. అది వేరే విషయం. ముళ్ళపూడి "బుడుగు"లో "లావుపాటి పక్కింటి పిన్నిగారు" మన అందరికీ ఇష్టమైన మనిషే. పసివాడు పెద్దల్ని ఆకారంతో గుర్తు పెట్టుకోవడంలో క్రూరత్వం లేదు. కానీ ఆమెకు లావు తప్ప వేరే గుర్తు మిగలలేదన్న సంగతి ఆలోచించదగ్గది. తరవాతి సినిమాల్లో ఆ పసితనం పోయి లావు మీద వెక్కిరింతే మిగిలింది.

5

ఇప్పుడు మార్కెట్టు ఒంటి మీదికి వచ్చింది. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో అమ్మకానికి వచ్చింది. నలుపు ఒక లోపమనీ, దానికి మందు వుందనీ ఒక్కమాటలో చెప్పింది. 2020లో ఆ పేరులోంచి "ఫెయిర్" తీసేసి "గ్లో" పెట్టారు. పేరు మారింది, డబ్బాలో పెట్టి అమ్మిన అసంతృప్తి మారలేదు. తరవాత సన్నబడే కేంద్రాలు, పొడులు, పట్టీలు వచ్చాయి. ముందు ఒంటిని చూసి సిగ్గుపడేలా చేయాలి, ఆ సిగ్గుకు వెల కట్టాలి. ఇది సరుకుల ఉత్పత్తి సూత్రమే. 2015లో వచ్చిన "సైజ్ జీరో" సినిమా లావుగా వున్న నాయికను వెక్కిరింతకు కాక కథకు కేంద్రంగా పెట్టడం, సన్నబడే వ్యాపారాన్ని ప్రతినాయక స్థానంలో నిలపడం మెచ్చుకోదగ్గవి. వ్యాపార చిత్రం పరిమితులు దానికి వున్నాయి. అయినా మన కథా సాహిత్యం పెద్దగా తాకని వస్తువును సినిమా తాకిందని ఒప్పుకోవాలి.

ఒంటిని కొలిచే కొలత చరిత్ర కూడా రచయితలు తెలుసుకోదగినది. ఎత్తుకూ బరువుకూ మధ్య నిష్పత్తిని 19వ శతాబ్దం తొలి అర్ధభాగంలో రూపొందించిన బెల్జియం గణాంకవేత్త కెట్లే వైద్యుడు కాదు. "సగటు మనిషి" ఎలా వుంటాడో జనాభా లెక్కల్లో వెతికాడు. 1972లో ఆన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. జనసమూహాల ఆరోగ్యాన్ని అంచనా వేయడానికి అది పనికివస్తుంది. ఒక్కొక్క మనిషి గుణదోషాలను తీర్పు చెప్పడానికి పనికిరాదు. సగటును ఆదర్శం చేస్తే ప్రతి మనిషీ ఎంతో కొంత తప్పుగానే కనిపిస్తాడు.

అలాగని అంకెలను విసిరి పారేయనక్కరలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 యేళ్ళ స్త్రీలలో అధిక బరువు వున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 36 శాతం, తెలంగాణలో సుమారు 30 శాతం. అదే సర్వేలో అదే వయసు స్త్రీలలో రక్తహీనత వున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవండి. బరువు ఎక్కువా రక్తం తక్కువా రెండూ ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఒంటిలో వున్నాయి. దీన్ని తిండిపోతుతనమనో బద్ధకమనో వివరించేవాడు సమాజాన్ని చూడనివాడు. చవకగా దొరికేది బియ్యం, నూనె, పంచదార. ఖరీదైనవి పప్పు, కూరలు, పళ్ళు. ఇంటిపని, బయటిపని కలిపి మిగిలేది నిద్ర చాలని రాత్రి. నడుద్దామంటే వీధి దీపం వుండదు, కాలిబాట వుండదు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి వుండదు.

ఇక్కడే "ఒంటిని వున్నదున్నట్టు అంగీకరించండి" అన్న నినాదాన్ని జాగ్రత్తగా పరీక్షించాలి. రక్తం లేని ఒంటిని వున్నదున్నట్టు అంగీకరించమంటే అది కర్మ సిద్ధాంతం. ఆకలిని ప్రేమించమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. రంగును, ఎత్తును, ఒంటి తీరును, వయసు గీసిన గీతలను, పుట్టుకతో వచ్చిన వైకల్యాన్ని అంగీకరించాలి. వాటిని చూసి నవ్వే సమాజాన్ని నిలదీయాలి. లేమిని, నిద్రలేమిని, చాకిరీ తెచ్చిన నొప్పిని అంగీకరించకూడదు. రూపంతో రాజీ, లేమితో పోరు. ఈ రెండింటినీ కలగాపులగం చేసే ఆత్మప్రేమ బోధలు మార్కెట్టు కొత్త సరుకులు మాత్రమే.

వ్యాయామం విషయంలో కూడా ఇదే వివేకం కావాలి. ఒంటిమీద కోపంతో చేసే వ్యాయామం శిక్ష. శిక్షను ఎవరూ ఎక్కువకాలం భరించరు. నాలుగు రోజులు చేసి, మానేసి, మానేసినందుకు మళ్ళీ తమనే తిట్టుకుంటారు. ఇష్టంతో చేసేది నిలుస్తుంది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమతో కదిలితే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అసలు లేనిదానికంటే ఏ కాస్త కదలికైనా మంచిదే అని కూడా చెప్పింది. అది నడక కావచ్చు, నాట్యం కావచ్చు, సైకిలు కావచ్చు, పిల్లలతో ఆట కావచ్చు. మన కోలాటమూ బతుకమ్మా ఈ లెక్కలో నిస్సంకోచంగా చేరతాయి. దీనికి అద్దాల గదులూ అద్దె యంత్రాలూ అక్కరలేదు. కావలసినవి కాలం, చోటు, భయం లేకపోవడం. మూడూ రాజకీయ విషయాలే.

6

రచయితలు చేయవలసింది ఏమిటి? ఆరోగ్య సూత్రాలను కథలుగా చుట్టమని ఎవరూ అడగడం లేదు. అటువంటి కథలు వైద్య కరపత్రాలకంటే హీనంగా వుంటాయి. అడిగేది చూపు మార్చమని.

పాత్రను పరిచయం చేసేటప్పుడు రంగూ బరువూ గుణానికి గుర్తులుగా వాడుతున్నామా అని ప్రతి రచయితా తన రాతప్రతిని పరీక్షించుకోవాలి. దుర్మార్గపు భూస్వామికి బానపొట్ట, మంచి ఉపాధ్యాయుడికి బక్క ఒళ్ళు, త్యాగమయి తల్లికి నలిగిన ముఖం. ఈ అచ్చులు మన కథలో ఇంకా వాడుకలో వున్నాయి. భూస్వామి దోపిడీ అతని పొట్టలో లేదు, పట్టాలో వుంది. పొట్టను వర్ణించి వర్గాన్ని వర్ణించాననుకోవడం సోమరి వాస్తవికత.

పనిచేసే ఒంటిని చిహ్నంగా కాక ఒళ్ళుగా రాయాలి. ఏ పనికి ఏ కీలు అరుగుతుందో, ఏ వేళకు ఏ నరం లాగుతుందో తెలిసి రాయాలి. ఆ ఒళ్ళు పని దిగాక ఏం చేస్తుందో కూడా రాయాలి. మూడో ఎనిమిది గంటలు మన కథకు ఇంకా దున్నని నేల.

మన మధ్యనే వున్న మనుషుల్ని చూడాలి. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వచ్చిన కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోల బరువెత్తి కాంస్యం గెలిచింది. భారత స్త్రీకి అది మొదటి ఒలింపిక్ పతకం. బరువు మోయడం ఆడవాళ్ళకు కొత్త కాదు. మోసిన బరువు పేరు తేవడం కొత్త. వరంగల్ ప్రాంతపు కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవన్‌జీ చిన్ననాట రూపాన్ని గురించి, తెలివిని గురించి ఊరి వెక్కిరింతలు భరించింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. గెలిచాక సన్మానాలు జరిగాయి. అయితే గెలవని దీప్తులు ప్రతి ఊళ్ళోనూ వున్నారు. పతకం తెచ్చిన ఒంటిని గౌరవించడం సమాజానికి సులువు. ఏ పతకమూ తేకుండా, సాయంత్రం పూట బడి ఆవరణలో నవ్వుతూ పరుగెత్తే పిల్ల ఒంటిని గౌరవించడం రచయిత నేర్పవలసిన పని.

గురజాడ తిండి అడిగాడు. చలం వ్యాయామం అడిగాడు. శ్రీశ్రీ చెమటకు విలువ అడిగాడు. స్త్రీవాదులు ఒంటి మీద అధికారం అడిగారు. ఈ నాలుగు కోర్కెలూ వేరు వేరు శిబిరాల ఆస్తులుగా పంచుకోవడం వల్ల నష్టపోయింది మనమే. నాలుగూ కలిస్తే ఒకే కోర్కె. మనిషికి ఒళ్ళు వంచక తప్పని రోజులు ఇంకా చాలా వున్నాయి. ఆ మనిషే ఒళ్ళు విరుచుకునే గంటను కూడా పనిగంటలంత గట్టిగా అడగగలగాలి. ఆ అడగడానికి కావలసిన భాషను తయారుచేయడం మన పని.